మొక్కకు పేరు పెట్టే చదువు

విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లేవాళ్లలో గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర బండి ఆపనివాళ్లు తక్కువ. ఆ కొండ మీదే, సుమారు 1,141 మీటర్ల ఎత్తున, రాతి చీలికల్లో పెరిగే ఒక తెల్లపూల దుంపమొక్కను బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు సేకరించారు. వాళ్లు హైదరాబాద్‌లోని దక్కన్ ప్రాంతీయ కేంద్రంవాళ్లు. 2024లో నార్డిక్ జర్నల్ ఆఫ్ బోటనీలో దాన్ని కొత్త జాతిగా ప్రకటించి, మన రాష్ట్రం పేరు మీద ‘క్రైనమ్ ఆంధ్రికమ్’ అని పిలిచారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పూస్తుంది. అంటే వేసవి సెలవుల్లో అరకు వెళ్లినవాళ్లలో ఎందరో దాన్ని చూసే ఉంటారు.

చూడటానికీ కనిపెట్టడానికీ తేడా ఎక్కడుందో తెలిస్తే మొక్కలకు పేరు పెట్టే ఈ వృత్తి ఏమిటో అర్థమవుతుంది. కొండ మీద పశువులు మేపేవాళ్లకు ఆ మొక్క తరాలుగా తెలిసే ఉంటుంది. శాస్త్రవేత్త చేసేది పోల్చి చూడటం. పూరేకు ఎంత వెడల్పు, పూవుకు కాడ ఉందా లేదా, గుత్తికి ఎన్ని పూలు అని కొలిచి, అదే ప్రజాతికి చెందిన మిగతా మొక్కలన్నింటి పక్కన పెట్టి, ఇది వాటిలో ఏదీ కాదని రుజువు చేయాలి. ఆ రుజువు ఎక్కువగా దొరికేది హెర్బేరియంలోనే. దేశంలోనూ విదేశాల్లోనూ బీరువాల్లో భద్రపరిచిన ఎండు మొక్కల షీట్లు, రెండు వందల ఏళ్ల పాత పుస్తకాలు, మైక్రోస్కోపు ఇందుకు ఆధారం. ఒక్క జాతి తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. కొండెక్కే ఉత్సాహం ఒక్కటే ఉంటే సరిపోదు, కదలకుండా కూర్చునే ఓపికా కావాలి.

పేరు పెట్టడానికీ కట్టుబాట్లున్నాయి. పూలమొక్కల పేర్ల లెక్క 1753లో లిన్నేయస్ రాసిన ‘స్పీసీస్ ప్లాంటారం’ నుంచి మొదలవుతుంది. కొత్త జాతికి ఆధారంగా నిలిచే ఒక నమూనాను హోలోటైప్ అంటారు. దాన్ని ఏ హెర్బేరియంలో దాచారో వ్యాసంలో చెప్పి తీరాలి. మొక్క ప్రత్యేకతను ఒకప్పుడు లాటిన్‌లోనే రాయాల్సి వచ్చేది. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఒక గోడ తగ్గినట్టే.

ఈ పనికి మన తీరంలో పాత పునాది ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో, విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి పనిచేశారు. 1795 నుంచి 1820 దాకా భాగాలుగా వెలువడిన రాక్స్‌బర్గ్ ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’లో 300 చిత్రపటాలున్నాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా ఆయన రాసుకున్నారు. ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులు. పుస్తకం మీద వాళ్ల పేర్లు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఆ సంపుటాలు ఉచితంగా దొరుకుతాయి. గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, 1986లో వచ్చిన ‘ఫ్లోరా ఆఫ్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్’ మీ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయేమో అడగండి. లేకపోతే తెప్పించమని మీ లెక్చరర్ గారిని పట్టుబట్టి అడగండి.

అభ్యాసానికి దూరం పోనక్కర్లేదు. నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం చుట్టూ గురుభక్తుల కొండ, బోడికొండ, దుర్గకొండ ఉన్నాయి. రాముడి గుడికీ బౌద్ధ, జైన అవశేషాలకీ వచ్చేవాళ్లు చాలామందే గానీ మొక్కల కోసం వచ్చేవాళ్లు తక్కువ. తొలకరి తర్వాత రాతిబండల మీద నీళ్లు నిలిచే గుంటల్లో, చీలికల్లో కొద్ది వారాల్లోనే మొలిచి, పూచి, ఎండిపోయే చిన్న మొక్కలుంటాయి. ఒకసారి వెళ్లి వచ్చేస్తే అవి దొరకవు. ఒకే చోటికి జూన్‌లో, ఆగస్టులో, అక్టోబరులో వెళ్లి పూత, కాయ, ఆకు రాసుకోవాలి. రక్షిత కట్టడాల దగ్గర దేన్నీ తెంపొద్దు, ఫొటోతో సరిపెట్టుకోండి. అటవీ భూమిలో నమూనా తీయాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. పొలం గట్ల మీద, గెడ్డల పక్కన విరివిగా దొరికే మొక్కలతో మొదలుపెట్టండి. పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు వేసి, తడి పీల్చిన కాగితాలు రోజూ మార్చాలి. ఎండితే రంగు పోతుంది గనుక పూవు రంగు, వాసన, మొక్క ఎత్తు అక్కడికక్కడే రాయాలి. తర్వాత 42 సెంటీమీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న షీటు మీద అతికించి లేబుల్ రాస్తారు. లేబుల్ లేని షీటు ఎవరికీ పనికిరాదు.

చదువు సంగతికొస్తే, బీఎస్సీలో బోటనీ, ఆపైన ఏపీ పీజీసెట్ రాసి ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట ఎమ్మెస్సీ. తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన విద్యార్థులు ఫీల్డుకు వెళ్తున్నారా, ఆ విభాగానికి నడుస్తున్న హెర్బేరియం ఉందా అన్నది ముందు కనుక్కోండి.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్పాలి. బొటానికల్ సర్వేలో బోటనిస్టు పోస్టులు యూపీఎస్సీ ద్వారా భర్తీ అవుతాయి, కానీ అవి కొద్ది. నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ రాదు. దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఇదే బోటనీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయవచ్చు, అందులో బోటనీ ఆప్షనల్ ఉంది. ఏపీపీఎస్సీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, జూనియర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులున్నాయి. రేవులకు, గనులకు, రోడ్లకు పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే సంస్థలకు మొక్కల్ని చూసి పేరు చెప్పగలవాళ్లు కావాలి. అక్కడ జీతం తీసుకుని తప్పుడు జాబితా ఇస్తే ఒక కొండే పోవచ్చు, అందుకే ఆ పనిని తేలిగ్గా తీసుకోకండి. పీహెచ్‌డీ దాకా చదవలేనివాళ్ల కోసం కేంద్ర పర్యావరణ శాఖ గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ కింద మొక్కలను గుర్తించడంలో శిక్షణ కోర్సులు నడిపింది; మళ్లీ ప్రకటిస్తారేమో గమనిస్తూ ఉండండి.

ఏ పుస్తకంలోని వివరానికీ సరిపోని మొక్క మీకే ఎదురైతే, చోటు తెలిసేలా ఫొటో సోషల్ మీడియాలో పెట్టకండి. అరుదైన దుంపలను, ఆర్కిడ్లను పెకలించి అమ్మేవాళ్లున్నారు. పూవు, ఆకు, కాయ ఫొటోలు స్కేలు పక్కన పెట్టి తీసి, తేదీ, ఊరు, నేల తీరు రాసి, మీ గైడ్ ద్వారా ఆంధ్ర విశ్వవిద్యాలయం హెర్బేరియానికో హైదరాబాద్‌లోని దక్కన్ కేంద్రానికో పంపండి. వ్యాసం రాసేటప్పుడు మీ పేరు ఎక్కడ ఉంటుందో మొదటే మాట్లాడుకోండి. ఆ మొక్క చోటు చూపించిన ఊరివాళ్లకు కృతజ్ఞత అందులో రాయించండి.