దాగిన సంకేతాన్ని వెతికే ఆట



హాస్టల్లో దాగుడుమూతలు ఆడని వారుండరు. అదే ఆటను రేడియోతో ఆడే పోటీలు కూడా ఉన్నాయి. వాటిని అమెచ్యూర్ రేడియో డైరెక్షన్ ఫైండింగ్ అంటారు. హామ్ రేడియో వారు ముద్దుగా పిలిచే పేరు ఫాక్స్ హంటింగ్, అంటే నక్కల వేట. మొదటి ప్రపంచ పోటీలు 1980లో పోలండ్‌లో జరిగాయి. 2000లో చైనాలోని నాన్‌జింగ్ నగరంలో జరిగాయి. మన తెలుగు నేల మీద హామ్ రేడియో నేర్పడానికి 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది.

పోటీ ఎలా జరుగుతుంది?

అడవిలో ఐదు చిన్న ట్రాన్స్‌మిటర్లను దాచిపెడతారు. అవే నక్కలు. ఒక్కొక్కటి వంతులవారీగా ఒక్కో నిమిషం కూస్తుంది. అంటే ఒకసారి విన్న నక్క మళ్లీ నాలుగు నిమిషాల తర్వాతే పలుకుతుంది. ఐదూ ఒకే ఫ్రీక్వెన్సీలో పలుకుతాయి కాబట్టి గుర్తుపట్టడానికి మోర్స్ సంకేతం ఉంటుంది. ముందు రెండు గీతలు, మూడు గీతలు వినిపించి, తర్వాత చుక్కలు వస్తాయి. ఒక చుక్క అయితే మొదటి నక్క, ఐదు చుక్కలైతే ఐదవది. చుక్కలు లెక్కపెట్టగలిగితే చాలు.

పోటీదారు చేతిలో రిసీవరు, పటం, దిక్సూచి ఉంటాయి. బయలుదేరే చోటుకు 750 మీటర్లలోపు ఏ నక్కా ఉండదు. నక్కకూ నక్కకూ మధ్య కనీసం 400 మీటర్ల దూరం ఉంటుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. గడువులోగా ఎక్కువ నక్కలను పట్టినవారే ముందు. సమానంగా పట్టినవారిలో తక్కువ సమయం తీసుకున్నవారు గెలుస్తారు. గడువు దాటితే పట్టినవన్నీ వృథా. వయసును బట్టి విభాగాలు ఉంటాయి.

దిక్కు ఎలా తెలుస్తుంది?

ఒక పాత ట్రాన్సిస్టర్ దొరికితే మీరే చూడవచ్చు. పగటిపూట, ఇనుప మంచాలకు దూరంగా, ఆరుబయట మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం పెట్టండి. ట్రాన్సిస్టర్‌ను నిలువుగానే ఉంచి మెల్లగా చుట్టూ తిప్పండి. ఒక చోట శబ్దం బాగా తగ్గుతుంది. లోపల పొడవుగా ఉండే ఫెర్రైట్ కడ్డీ కొన అప్పుడు కేంద్రం వైపు చూస్తోందన్నమాట. శబ్దం ఎక్కడ పెరిగిందో చెప్పడం కంటే ఎక్కడ పడిపోయిందో చెప్పడం చెవికి తేలిక.

అయితే కడ్డీకి రెండు కొనలు. మన ముమ్మిడివరం నుంచి చూస్తే ఆ గీత ఇంచుమించు తూర్పు పడమరలుగా వస్తుంది. తూర్పున సముద్రం. కాబట్టి కేంద్రం పడమర ఉండాలి. అడవిలో సముద్రం సాయం ఉండదు. అందుకని పోటీ రిసీవర్లలో ఏ కొన సరైనదో తేల్చడానికి అదనంగా మరో చిన్న యాంటెన్నా అమరుస్తారు.

దిక్కు తెలిస్తే దూరం తెలియదు. దానికి రెండో చోటు నుంచి కూడా వినాలి. ఉదాహరణకు తూర్పు పడమరలుగా ఉన్న కాలువ గట్టు మీద ఒక చోట సంకేతం సరిగ్గా ఈశాన్యంలో వినిపించింది. గట్టు వెంట 400 మీటర్లు తూర్పుకు నడిస్తే సరిగ్గా ఉత్తరాన వినిపించింది. అక్కడి నుంచి నక్క ఎంత దూరం? 45 డిగ్రీలకు టాంజెంట్ 1 కాబట్టి 400 మీటర్లే. పదో తరగతి త్రికోణమితి ఇదే కదా!

ఈ పోటీల్లో కాళ్లు ఎంత ముఖ్యమో తల అంత ముఖ్యం. వినగానే ఉరికినవాడు తప్పుదారిన పడితే వెనక్కి రావడానికే గడువు చాలదు. నిలబడి గీత గీసుకున్నవాడు ఆలస్యంగా బయలుదేరినా ముందు చేరవచ్చు.

ఇది మనకెందుకు?

1996 నవంబరు 6 తుపాను మన కోనసీమలో మరువలేనిది. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదు సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారి బృందం హామ్ రేడియోతో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. టెలిఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది. ఈ రోజుల్లో ఓడల్లో ఉండే ఆపద బీకన్లు 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహానికి కబురు పంపుతాయి. దగ్గరకు వచ్చిన రక్షకులు పట్టుకోవడానికి 121.5 మెగాహెర్ట్జ్‌లో కూడా సంకేతం ఇస్తాయి. ఆ చివరి మైళ్లలో జరిగే పని నక్కల వేటే. అక్కడ దొరికేది మాత్రం ప్రాణం.

ట్రాన్స్‌మిటర్ నడపడానికి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేకుండా ఎవరూ ప్రయత్నించకండి. 1978 నాటి నియమాలు 12 ఏళ్లు నిండినవారికి పరీక్ష రాసే అవకాశమిచ్చాయి. అందులో అడిగేవి మన సైన్సు పుస్తకంలోని విద్యుత్తు, తరంగాల పాఠాలకు దగ్గరివే. బట్టీ పట్టకుండా అర్థం చేసుకుంటే ఆ పాఠాలే మిమ్మల్ని ఎంతో దూరం తీసుకెళ్తాయి.

చివరగా మీకొక లెక్క. ఇదే గట్టు మీద ఒక చోట సంకేతం ఈశాన్యంలో, 600 మీటర్లు తూర్పున ఉన్న మరో చోట వాయవ్యంలో వినిపించింది. గట్టు నుంచి నక్క ఎంత దూరం? బొమ్మ గీసి మీ లెక్కల మాస్టారికి చూపించండి.