చెరువు పక్క ఇంటికి ఏ సిమెంటు మేలు?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె. చుట్టూ చేపల, రొయ్యల చెరువులే. పాత డాబా స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. కొత్త ఇల్లు ఎక్కువ కాలం నిలవాలంటే ఏ సిమెంటు వాడాలి?

జవాబు: సిమెంటు కంటే ముందు నీళ్ల సంగతి చూడండి. మీ ప్రాంతంలోని ఉప్పుటేరులోకి సముద్రపు పోటు వస్తుంది. మీ వైపు చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పగానే ఉంటాయి. ఆ ఉప్పులోని క్లోరైడ్లు చువ్వను తుప్పు పట్టిస్తాయి. తుప్పుతో ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. మీ స్లాబుకు జరిగింది బహుశా అదే. చువ్వలున్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. ల్యాబులో పరీక్ష చేయించండి. మించితే మంచినీళ్లు ట్యాంకరుతో తెప్పించండి, క్యూరింగుకు కూడా. ఈ ఖర్చు దగ్గర మాత్రం దయచేసి వెనకాడకండి.

సిమెంటులో నా మొదటి ఓటు స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటుకు. ఉప్పును లోపలికి అంత తేలిగ్గా చొరనివ్వదు. దొరక్కపోతే ఫ్లైయాష్ కలిసిన పీపీసీ తీసుకోండి. రెండింటికీ బలం నెమ్మదిగా వస్తుంది కనుక కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకండి.

స్లాబు పోసే రోజు మీరే దగ్గరుండండి. కొందరు చువ్వల కింద కంకర రాళ్లు పెట్టి సరిపెడతారు. వైబ్రేటరు పెట్టగానే రాయి జారి, చువ్వ సెంట్రింగు రేకుకు ఆనుకుంటుంది. పెచ్చులు మొదట ఊడేది అక్కడే. చువ్వను రేకుకు ఎడంగా నిలిపే కవర్ బ్లాకులే పెట్టించండి. పునాదిలో కవరు, అంటే చువ్వ మీద ఉండే కాంక్రీటు మందం, 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

నేల నల్లమట్టి అయితే మట్టి పరీక్ష తప్పనిసరి. వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే నేలలో అండర్ రీమ్డ్ పైళ్లు (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు) అవసరమవుతాయేమో ఇంజినీరు చెబుతారు.