కాలు పోయిన తమ్ముడికి పని దొరికేదెలా?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు, ఇంటర్ చదివాడు. లారీ ప్రమాదంలో మోకాలి కింద కాలు తీసేశారు. ఇప్పుడు కృత్రిమ కాలు పెట్టారు. వెంటనే ఏదైనా కోర్సులో చేర్పించమంటారా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: తొందరపడకండమ్మా, ముందు కాలు సంగతి చూడండి. ఆపరేషన్ తర్వాత తొలి నెలల్లో మిగిలిన కాలి భాగం వాపు తగ్గి సన్నబడుతుంది. దాంతో కృత్రిమ కాలి సాకెట్ (మిగిలిన కాలును పట్టి ఉంచే తొడుగు) వదులై చర్మం ఒరుసుకుపోతుంది. సాకెట్‌ను సరిచేయించకుండా కోర్సుకు పంపితే పుండ్లు పడి మధ్యలోనే మానేస్తాడు. ఎంతసేపు నిలబడగలడో, ఎంత బరువు మోయగలడో ఫిజియోథెరపిస్టుతో రాయించుకోండి. ఏ పని నేర్పాలో ఆ కాగితాన్ని బట్టే తేలుతుంది.

ఈలోగా దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీకి దరఖాస్తు పెట్టండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కోటాలో పోటీపడవచ్చు. తర్వాత హైదరాబాద్‌లోని దివ్యాంగుల జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రానికి తీసుకెళ్లండి. సామర్థ్యం అంచనా, శిక్షణ, ఉద్యోగ సలహా అక్కడ ఒకేచోట దొరుకుతాయి. ఇలాంటిది ప్రతి జిల్లాలో ఉండాలి. వైద్యం ఒక శాఖ, ఉపాధి ఇంకో శాఖ అంటూ ఇంటివాళ్లను తిప్పడం అన్యాయం.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఫిజియోథెరపిస్టు కాగితం, ఇంటర్ మెమో మరిచిపోకండి.