కెమిస్టు సంతకానికి విశాఖలో విలువెంత?

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నవారిని ‘తర్వాతేమిటి’ అని అడిగితే వినిపించే జవాబులు దాదాపు ఒకటే: పరవాడలో ఏదో ఒక ఫార్మా కంపెనీ, లేదంటే నెట్ కోచింగ్, రెండూ కుదరకపోతే సాఫ్ట్‌వేర్ కోర్సు. ఇవేవీ తప్పుదారులు కావు. కానీ చుట్టూ ఉన్న ఊరిని చూడకుండా చెప్పే జవాబులు. రేవు, ఉక్కు, చమురుశుద్ధి, ఎరువులు, మందులు, రొయ్యల ఎగుమతి ఇంత దగ్గరదగ్గరగా ఉన్న నగరాలు దేశంలో తక్కువ. వీటన్నిటికీ ఉమ్మడిగా కావలసింది నమ్మదగిన కొలత. సరుకులో ఏది ఎంత ఉందో తేల్చి, ఆ అంకె కింద సంతకం పెట్టగల మనిషి. కెమిస్ట్రీ పట్టభద్రుల ఎదుగుదల ఇక్కడ ఆ సంతకం మీదే నిలబడుతుందని, సింథసిస్ మీది మోజులో అనలిటికల్ పనిని చిన్నచూపు చూసేవాళ్లు చేతికందిన అవకాశాన్ని వదులుకుంటున్నారని నా నమ్మకం.

1933 నుంచి నడుస్తున్న రేవునే తీసుకోండి. యాభై వేల టన్నుల ఇనుప ఖనిజం ఎక్కిన ఓడలో తేమ లెక్క ఒక్క శాతం తేడా వస్తే ఐదు వందల టన్నులు అటూ ఇటూ అవుతాయి. ధర కట్టేది పొడి బరువు మీద కనుక ఆ ఐదు వందల టన్నుల డబ్బు ఎవరిదో ల్యాబ్ రిపోర్టే చెప్పాలి. డబ్బు ఒక్కటే కాదు, ప్రాణాలూ ఆ రిపోర్టు మీదే ఆధారపడతాయి. తేమ హద్దు దాటిన ఖనిజపు పొడి అలల కుదుపుకు బురదలా జారి ఓడను ఒరగదోస్తుంది. 2009లో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్ అనే ఓడ అలాగే మునిగింది. ఉక్కు కర్మాగారంలో తేడా వ్యవధిలో ఉంది. కన్వర్టర్‌లో కరిగిన ఉక్కు కాచుకుని ఉండగా కార్బన్, గంధకం, భాస్వరం ఎంతెంతో నిమిషాల్లో తేలాలి. భాస్వరం మిగిలితే ఉక్కు చలికి పెళుసుబారుతుంది, గంధకం మిగిలితే వేడి మీద సాగదీసేటప్పుడు చీలుతుంది. ఆక్సిజన్ ఇంకా ఊదాలా, ఆ విడత ఉక్కును దించేయాలా అన్నది స్పెక్ట్రోమీటర్ దగ్గర నిలబడ్డ కెమిస్టు ఇచ్చే అంకెలు చూశాకే. ఇదే నగరం నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయాటిక్ అవశేషాలను కిలోకు మైక్రోగ్రాములో కొద్ది వంతు వరకు పట్టుకోవాలి. ఇవి మూడు వేర్వేరు పరిశ్రమలు, చదువు మాత్రం ఒకటే.

పరవాడ ఫార్మాసిటీలోను, అచ్యుతాపురం సెజ్‌లోను, నక్కపల్లిలోను తయారయ్యే బల్క్ డ్రగ్స్ విషయంలో ఈ సంతకం ఇంకా బరువైనది. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినవారు హెచ్‌పీఎల్‌సీ కంప్యూటర్‌లోని ఆడిట్ ట్రయల్ తెరిచి చూస్తారు. ఫెయిలైన శాంపిల్‌కు కారణం వెతకకుండా, పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ ఇంజెక్ట్ చేయడం, వెనకటి తేదీ వేసి రికార్డు నింపడం వంటివి దొరికి మన దేశపు కంపెనీలకు వార్నింగ్ లెటర్లు వచ్చిన సందర్భాలు అనేకం. ‘పైఅధికారి ఒత్తిడి చేస్తే ఫ్రెషర్ ఏం చేయగలడు’ అన్నది ఇక్కడ న్యాయమైన ప్రశ్న. లాగిన్ ఎవరిదో బాధ్యత వారిదే అవుతుంది కనుక పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకూడదు, వచ్చిన ఫలితాన్ని వచ్చినట్టే రాసి డీవియేషన్ నమోదు చేయాలి. అది సాగనివ్వని చోటు నుంచి వీలైనంత త్వరగా బయటపడాలి. అలాంటి చోట గడిపిన మూడేళ్లను తర్వాతి ఇంటర్వ్యూలో అనుభవంగా చెప్పుకోవడం కష్టం.

కొలత అంటే మెషీన్ బటన్ నొక్కడం అనుకునేవారు 2020 మే 7 తెల్లవారుజామును గుర్తుచేసుకోవాలి. ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో నిల్వ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి పన్నెండు మందిని బలిగొంది. స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారే స్వభావం కలది. మారేకొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను ఇంకా తరుముతుంది. దాన్ని ఆపే టీబీసీ తగినంత లేకపోవడాన్ని, ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగుభాగంలోనే కొలవడాన్ని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపింది. అడుగున చల్లగా ఉన్నంత మాత్రాన పైపొర చల్లగా ఉన్నట్టు కాదు. శాంపిల్ ఎక్కడి నుంచి తీశాం, అది మొత్తం సరుకుకు ప్రతినిధి అవుతుందా అన్న ప్రశ్న మన ప్రాక్టికల్ పరీక్షల్లో దాదాపు రాదు. సీసాలో సిద్ధంగా ఇచ్చిన ద్రావణాన్ని టైట్రేట్ చేసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి ఓడ హ్యాచ్ ముందో, ట్యాంకు ముందో నిలబడ్డప్పుడు గాని ఆ లోటు తెలిసిరాదు.

‘అనలిటికల్ పని గుమాస్తాగిరి, అసలు కెమిస్ట్రీ వేరే ఉంది’ అనే వాదం బలంగా ఉంది. ఈ నగర చరిత్రే దానికి జవాబు. 1930ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయన శాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన టి.ఆర్‌.శేషాద్రి, ఆయన శిష్యులు పత్తిపూల వంటి మామూలు మొక్కల రంగులను వేరుచేసి, శుద్ధి చేసి, ముక్కలుగా విడగొట్టి వాటి నిర్మాణాలు తేల్చారు. ఎన్‌ఎంఆర్ లేని రోజులవి. ప్రతి నిర్ణయమూ ద్రవీభవన స్థానం, మూలకాల శాతం వంటి ఓపికైన కొలతల మీద నిలిచింది. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలినా ఆ పని ఆగలేదు. 1960లో శేషాద్రి రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. మరో తరంలో, ఇదే విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ డాక్టరేట్ పొందిన చావా సత్యనారాయణ 2005లో లారస్ ల్యాబ్స్ స్థాపించారు. ఆ సంస్థ ప్లాంట్లు ఇప్పుడు పరవాడ, అచ్యుతాపురాల్లో ఉన్నాయి. ‘లక్షల్లో ఒకరి కథ చూపి అందరినీ ఊరించడం న్యాయమా’ అనవచ్చు. అందరూ కంపెనీలు పెట్టరు, నిజమే. కానీ ఆయన సొంత సంస్థ పెట్టకముందు మాట్రిక్స్ వంటి కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. విద్యార్థులు చూడాల్సింది ఆ మధ్య ఏళ్లనే. ఒక ప్రక్రియలో ఏ దశ దగ్గర డబ్బు, దిగుబడి పోతున్నాయో పసిగట్టే చూపు అక్కడే అబ్బుతుంది.

జీతం సంగతి దాచి మాట్లాడటం తగదు. ఫ్రెషర్ క్యూసీ కెమిస్టు తొలి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి జీతం పక్కన చిన్నదిగానే కనిపిస్తుంది, పైగా నైట్ షిఫ్టులు. రొటీన్ టెస్టింగ్‌లోనే ఐదేళ్లు ఉండిపోతే ఆ తేడా తగ్గదు కూడా. మెషీన్లు శాంపిల్‌ను వాటంతటవే ఇంజెక్ట్ చేసుకుని, లెక్కలూ కట్టేస్తున్న కాలంలో కేవలం రన్ పెట్టేవారి అవసరం తగ్గుతుంది. అందుకే రెండో ఏటికల్లా మెథడ్ వ్యాలిడేషన్‌లోకి, అక్కడి నుంచి మెథడ్ డెవలప్‌మెంట్‌లోకో, రెగ్యులేటరీ విభాగంలోకో మారే దారి వెతుక్కోవాలి. పీక్ ఆకారం ఎందుకు చెడిందో, తెలియని మలినం ఏ దశలో పుట్టిందో చెప్పగలిగేవారిని మెషీన్ పక్కకు నెట్టలేదు. ఆ వివరణకు ఆర్గానిక్, ఫిజికల్ కెమిస్ట్రీ రెండూ కావాలి. బీఎస్సీలో చదివిందేదీ వృథా పోదు.

ప్రభుత్వ రంగం వైపు చూసేవారికి కస్టమ్స్ ప్రయోగశాలల్లో కెమికల్ ఎగ్జామినర్ పోస్టులు, చమురు సంస్థల్లో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసర్ పోస్టులు, బార్క్ శిక్షణ పాఠశాల, నెట్, గేట్ ఉన్నాయి. ఖాళీలు తక్కువ, నోటిఫికేషన్లకు వేళాపాళా ఉండదు. ల్యాబ్‌లో పనిచేస్తూ ప్రిపేరవ్వడమే మేలు. ఇక ఇంటర్న్‌షిప్‌ను సర్టిఫికెట్ కోసం కాగితాల మీద ముగించేయకండి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న చిన్న ల్యాబ్ దొరికినా చాలు. శాంపిల్ తీసుకున్నప్పటి నుంచి రిపోర్టు వెళ్లేదాకా ఒక్క పరీక్షను పూర్తిగా అనుసరించండి, క్యాలిబ్రేషన్ రికార్డులు చదవండి, మీ ఫలితంలో అనిశ్చితి ఎంతో లెక్కగట్టండి. ఇంటర్వ్యూలో మీరూ అడగాల్సిన ప్రశ్నలున్నాయి: ఫలితం స్పెసిఫికేషన్ దాటితే ఇక్కడ విచారణ ఎవరు చేస్తారు? అనలిస్టును ఎన్నాళ్లకు వేరే ఇన్‌స్ట్రుమెంట్ మీదకు మారుస్తారు? సాల్వెంట్ల దగ్గర పనిచేసేవారికి భద్రతా శిక్షణ ఎన్ని రోజులు? వీటికి సూటిగా జవాబిచ్చే ల్యాబ్ నెలకు రెండు వేలు తక్కువిచ్చినా మొదటి ఉద్యోగానికి దాన్నే ఎంచుకోండి.