పరదేశమున తొలి కొలువు: మేనల్లునికి లేఖ

నూజెండ్ల

చిరంజీవి మేనల్లునికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

బి.ఎడ్. ముగిసినదనియు, విదేశమున ఆంగ్లము బోధించు ఉద్యోగమునకు యత్నింపదలచితివనియు, కొరియాలో జీతము మెండని ఏజెంటొకడు నిన్ను ఊరించుచున్నాడనియు మీ అమ్మ చెప్పినది. నీ కోరిక నాకు సంతోషమే. నీవు చూచుచున్న దిక్కే సరియైనది కాదు.

కొరియా ప్రభుత్వము ఆంగ్ల సంభాషణము నేర్పువారికిచ్చు ఈ-2 వీసాకు అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు, దక్షిణాఫ్రికా అను ఏడు దేశముల పౌరులనే అర్హులుగా ఎంచుచున్నది. 2010 జనవరి నుండి అమలులోనున్న భారత-కొరియా ఆర్థిక ఒప్పందమున మనవారికి సహాయక బోధకులుగా ఒక సందు కలదు గాని, ఆ సందున దూరి పోయినవారు నా యెరుకలో లేరు. చదివిన చదువుకంటె పాస్‌పోర్టు రంగే ఘనమైన చోట గుమ్మము పట్టుకొని వ్రేలాడుట వివేకము కాదు.

మనవారు నడచిన బాట వేరు. హైలే సెలాసీ చక్రవర్తి ఏలుబడిలోనే ఇథియోపియా పాఠశాలలలో భారతీయోపాధ్యాయులు పాఠములు చెప్పిరి. 2000 తరువాత ఆ దేశమున క్రొత్త విశ్వవిద్యాలయములు వెలసినపుడు తెలుగు అధ్యాపకులెందరో అచ్చటికి తరలిరి. అది ఎం.ఏ., పీహెచ్.డి. గలవారి త్రోవ. నీకు తగినది మాల్దీవులు. అచ్చటి బడులలో బోధన ఆంగ్లమున సాగును. స్వదేశీయులు చాలనందున భారతీయోపాధ్యాయులను దశాబ్దములుగా రప్పించుకొనుచున్నారు. అయితే, ఈ కొస నుండి ఆ కొసకు కాలినడకన ముగియు దీవిలో, కూరగాయలు సైతము పడవపై రావలసిన చోట, నెలల తరబడి నిలువగల మనసు నీకున్నదా అని నిన్ను నీవే అడుగుకొనవలయును. అచ్చటి రుఫియాలలో ముట్టిన జీతమును డాలర్లుగా మార్చి ఇంటికి పంపుటలోనూ చిక్కులు గలవు. ఆ సంగతి వ్రాలు చేయక పూర్వమే తేల్చుకొనుము.

ఇంతకంటె ముఖ్యమైన మాట. ఇచ్చట పిల్లవానికి వాక్యము బోధపడనిచో తెలుగులో చెప్పి గట్టెక్కుదుము. అచ్చటి పిల్లలు దివెహి మాటలాడుదురు, నీకది రాదు. కాబట్టి ముందుగా వినుకొండలోనో నరసరావుపేటలోనో ఒక బడిలో చేరి, రెండేండ్లపాటు, తెలుగుమాట ఒక్కటియైనను పలుకక, బల్లమీది సుద్దముక్కను తీసి, దాచి, వెదకించి, ‘పైన’, ‘క్రింద’, ‘వెనుక’ నేర్పు విద్యను అలవరచుకొనుము. ఇంటర్వ్యూలో నమూనా పాఠము చెప్పుమన్నపుడు నీవెంత మాటలాడితివని గాక, పిల్లలచేత ఎంత మాటలాడించితివనియే చూతురు. 1958లో హైదరాబాదున వెలసి నేడు ఇఫ్లూ అనబడు విద్యాసంస్థ ఉపాధ్యాయులకు దూరవిద్యలో ఆంగ్లబోధన సర్టిఫికెట్టు కోర్సు నడపినది. అట్టిది నెలలు తిరుగకమునుపే చేతికందు ఆన్‌లైన్ పత్రములకంటె మేలు.

ఇక కాగితములు. పదవ తరగతి సర్టిఫికెట్టులో నీ ఇంటిపేరు పొడియక్షరముగా నున్నది. పాస్‌పోర్టులో పూర్తిగా నున్నది. మనవారిలో సగము మందికి ఇదే తంటా, ఇప్పుడే సరిచేయించుకొనుము. ప్రొవిజనల్‌తో సరిపెట్టక నాగార్జున విశ్వవిద్యాలయము నుండి ఒరిజినల్ పట్టా తెప్పించి, రాష్ట్ర ప్రభుత్వముచేతను, పిదప విదేశాంగ శాఖచేతను ధ్రువీకరింపజేయుము. హేగ్ ఒప్పందమున చేరిన దేశమునకు అపోస్టిల్ చాలును; చేరనిదానికి రాయబార కార్యాలయపు ముద్ర కూడ కావలయును.

విదేశాంగ శాఖలో రిజిస్ట్రేషను లేని ఏజెంటుకు చిల్లిగవ్వ ఈయకుము. రిజిస్ట్రేషను గలవాడైనను 30,000 రూపాయలకు, దానిపై జి.ఎస్.టి.కి మించి రుసుము పుచ్చుకొనుటకు చట్టము ఒప్పదు. నీ ఏజెంటు లక్షలలో అడిగెనట, వానిసంగతి అంతటితోనే తెలియుచున్నది. మిరపపంట సొమ్ము చేతికి రాగానే బయానా కట్టుదమని మీ నాన్న అనుచున్నాడట. ఆ పని మాత్రము జరుగనీయకుము. ఎచ్చటి నుండియైనను ఒప్పందపు పత్రము వచ్చినచో, వ్రాలు చేయకమునుపు నాకొక ప్రతి పంపుము.

ఇట్లు,
నీ మేనమామ