కచేరీ హాలు కింద రైలుబండి

రోడ్డు మీద ఇసుక లారీ పోతే మన హాస్టలు కిటికీ రెక్కలు గడగడలాడతాయి. స్టడీ అవర్లో కూర్చునే వాళ్లందరికీ ఇది అనుభవమే. లారీ మోత చెవిన పడకముందే బెంచీ మీద పెట్టిన మోచేతికి అదురు తెలుస్తుంది. అంటే శబ్దం గాలిలోనే కాదు, నేలలో కూడా ప్రయాణం చేస్తుందన్నమాట. మనకు ఈ అదురు వట్టి చికాకు. అదే సూది పడినా వినిపించేంత నిశ్శబ్దం కావలసిన సంగీత మందిరం దగ్గర, నేల కింద రోజంతా రైళ్లు నడపాలంటే ఎలా? అమెరికాలోని లాస్ ఏంజెల్స్‌లో ఇంజనీర్లకు ఈ చిక్కే ఎదురైంది.

ఆ నగరం నడిబొడ్డున బంకర్ హిల్ అనే గుట్ట ఉంది. దాని మీద గ్రాండ్ అవెన్యూ వెంట కళాభవనాలు వరసగా ఉన్నాయి. 2003లో తెరిచిన వాల్ట్ డిస్నీ కాన్సర్ట్ హాలు, కాల్‌బర్న్ సంగీత పాఠశాల, 2015లో వచ్చిన బ్రాడ్ మ్యూజియం అన్నీ అక్కడే. వీటి కోసం 2023 జూన్ 16న 'గ్రాండ్ అవెన్యూ ఆర్ట్స్/బంకర్ హిల్' అనే భూగర్భ స్టేషను ప్రారంభమైంది. హైదరాబాదు మెట్రోను స్తంభాల మీద చూసిన మనకు ఇది కొత్తగా ఉంటుంది. ప్లాట్‌ఫారం సుమారు 100 అడుగుల లోతున ఉంది. పది అంతస్తుల మేడను తలకిందులుగా పాతిపెట్టినట్టు ఊహించుకోండి. జనాన్ని పైకి తేవడానికి ఆరు పెద్ద లిఫ్టులు పెట్టారు. లోపలి గోడ మీద పెర్ల్ సి. షుంగ్ అనే చిత్రకారిణి చేసిన గాజుముక్కల చిత్రం 61 అడుగుల ఎత్తు ఉంటుంది.

ఇక అసలు పాఠానికి వద్దాం. రైలు చక్రం పట్టా మీద దొర్లినప్పుడు కంపనాలు పుట్టి పట్టా నుంచి కాంక్రీటుకు, అక్కడి నుంచి మట్టికి, మట్టి నుంచి భవనం పునాదికి పాకుతాయి. గోడలు కదిలి గదిలోని గాలిని కదిలిస్తే, అది సన్నని గురగురలా వినిపిస్తుంది. పైనున్న సంగీత సంస్థలు భయపడింది ఈ గురగురకే.

దీనికి విరుగుడుగా ఆ చోట 'తేలే దిమ్మె' పద్ధతిలో పట్టాలు వేశారు. పట్టాలను బరువైన కాంక్రీటు దిమ్మె మీద బిగిస్తారు. ఆ దిమ్మెను సొరంగం నేలకు అతికించరు. మధ్యలో రబ్బరు వంటి మెత్తని ఆధారాలు ఉంచుతారు. బరువు ఎక్కువ, ఆధారం మెత్తన అయినప్పుడు ఆ దిమ్మె సహజ పౌనఃపున్యం బాగా తగ్గుతుంది. రైలు కంపనాల పౌనఃపున్యం దానికి సుమారు 1.4 రెట్లు దాటితే కిందికి చేరే అదురు తగ్గుతూ పోతుంది. రెండూ సమానమైతే మాత్రం అనునాదం ఏర్పడి అదురు తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే మెత్తగా ఏదో ఒకటి పరిస్తే సరిపోదు, లెక్క కట్టి పరచాలి.

మేము దీన్ని బల్ల మీద చేసి చూశాం. బల్లకు చెవి ఆనించి, దాని మీద పెట్టిన ఇటుకను గవ్వతో కొడితే టకటక గట్టిగా వినిపించింది. ఇటుక కింద నాలుగు మడతల దుప్పటి పెట్టి కొడితే చాలావరకు తగ్గింది. రెండో ఇటుక కూడా పేర్చి చూడండి, తేడా తెలుస్తుంది. ఆ దుప్పటి ఎవరిదో చెప్పం.

గుట్ట చరిత్ర కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు అక్కడి పాత మేడలు అద్దె గదులుగా మారి, వాటిలో పింఛను మీద బతికే ముసలివాళ్లు, చిన్న జీతగాళ్లు ఉండేవారు. గుట్ట ఎక్కి దిగడానికి 1901లో ఏంజెల్స్ ఫ్లైట్ అనే, తాడుతో లాగే రెండు పెట్టెల బండి పెట్టారు. 1959లో నగర పాలక మండలి పునర్నిర్మాణ పథకాన్ని ఆమోదించాక వేలాది మందిని ఖాళీ చేయించి ఇళ్లు కూలగొట్టారు. 1969లో ఆ బండినీ ఆపేశారు. 1996లో దగ్గరలోనే మరో చోట తిరిగి నడిపారు. ప్రాజెక్టుల కింద ఊళ్లు పోయిన ఇళ్ల పిల్లలు మనలోనూ ఉన్నారు కనుక, మేము ఈ సంగతి చదువుతూ చాలాసేపు ఆగిపోయాం.

ఈ స్టేషను ఉన్న కొత్త సొరంగ మార్గం పొడవు 3 కిలోమీటర్లే. కానీ అంతకుముందు పాసడెనా వైపు నుంచి లాంగ్ బీచ్ పోవాలంటే రెండుసార్లు బండి మారాలి. ఇప్పుడు ఎక్కిన బండిలోనే పోవచ్చు. పనివాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ లాస్ ఏంజెల్స్ నుంచి శాంటా మోనికా పోయే బండి కూడా ఇక్కడే ఆగుతుంది. దిగి లిఫ్టులో పైకి వస్తే వంతెన దాటి బ్రాడ్ మ్యూజియంకు నడిచిపోవచ్చు. అక్కడ మామూలు ప్రవేశానికి డబ్బు తీసుకోరు. కచేరీ హాలులో మాత్రం టిక్కెట్టు కొనాలి.