సాయం చేస్తే కేసు అవుతుందా?

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లే వేళ, స్కూల్ దగ్గర ఒక బైక్ జారి మనిషి పడిపోయాడనుకోండి. చుట్టూ పదిమంది చేరతారు. చేయి వేసేది ఒకరిద్దరే. మిగతావాళ్ల మనసులో ఒకటే మాట: "మనకెందుకు, రేపు స్టేషన్ చుట్టూ తిరగాలి."

ఒకప్పుడు ఆ భయానికి కారణం ఉండేది. 2016లో సుప్రీంకోర్టు ఈ విషయంలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను పాటించి తీరాలని చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ చేరింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినప్పుడు, పొరపాటు జరిగినా మీపై సివిల్ గానీ క్రిమినల్ గానీ చర్య ఉండదు. పేరు, ఫోన్ నంబరు చెప్పమని పోలీసులు, ఆసుపత్రివారు బలవంతపెట్టకూడదు. అయితే ప్రమాదం మీ బండి వల్లే జరిగితే సంగతి వేరు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం అప్పుడు 134వ సెక్షన్ మీపై పెట్టిన బాధ్యత.

అపార్ట్‌మెంట్‌లోనో ఫంక్షన్ హాల్లోనో ఎవరైనా కుప్పకూలితే 134-ఎ వర్తించదు. అక్కడ భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ ఉంది. స్పృహలేని మనిషికి, అనుమతి ఇవ్వగల సంరక్షకులు దగ్గర లేనప్పుడు, మేలు కోరి సద్భావంతో చేసిన పని వల్ల హాని జరిగినా అది నేరం కాదు. కానీ చట్టంలో సద్భావం అంటే మంచి ఉద్దేశం ఒక్కటే కాదు, తగిన జాగ్రత్త కూడా.

మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాల గుత్తి పెడతారు, స్పృహలేనివారి నోట్లో నీళ్లు పోస్తారు, మెడకు దెబ్బ తగిలిందేమోనని చూడకుండా ఎత్తి ఆటోలో పడేస్తారు. ఇవేవీ వద్దు. 108కి ఫోన్ చేయండి, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, తెలియనిది చేయకండి. మనిషి స్పృహలో ఉంటే "సాయం చేయమంటారా?" అని అడగండి. వద్దంటే బలవంతం చేయకండి. దెబ్బ తగిలింది వేరేవాళ్ల బిడ్డకైతే తల్లిదండ్రులకు కబురు పంపండి, కానీ వాళ్లు వచ్చేదాకా రక్తం ఆపకుండా కూర్చోవద్దు. వీడియో మాత్రం తీయకండి. అంబులెన్స్ వచ్చేవరకు పక్కనే ఉండండి.

స్కూల్లో మీ బిడ్డకు దెబ్బ తగిలిన క్షణాన టీచర్ పరిస్థితీ ఇదే. అందుకే పాపకు ఆస్తమా ఉన్నా, బాబుకు ఏదైనా మందు పడకపోయినా ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోన్ నంబరు మారితే ఆ వారంలోనే చెప్పండి.